ఔట్‌డోర్ ఫోటోగ్రఫీకి స్మార్ట్‌వాచ్ నిజంగా పనికొస్తుందా? ఏ సెట్టింగ్స్ పెట్టుకోవాలి?

మీరు అడిగింది ఇది: వారాంతాల్లో కొండదారుల్లో, అడవి బాటల్లో నడుస్తూ ప్రకృతి దృశ్యాలు, పక్షుల ఫోటోలు తీస్తారు. ఫోనుతో పాటు ఒక మిర్రర్‌లెస్ కెమెరా కూడా ఉంది. స్మార్ట్‌వాచ్ కొంటే దాంతో షట్టర్ నొక్కొచ్చా, ఫోటోలకు లొకేషన్ ఎక్కించొచ్చా, నడక లెక్కల్ని ఎంతవరకు నమ్మొచ్చు, బ్యాటరీ రోజంతా వస్తుందా?

సూటిగా చెప్తాను. వాచ్ పనికొస్తుంది. అయితే చాలామంది ఏ పని కోసం కొంటారో అందులో మాత్రం అది అంత గొప్పది కాదు. ఫోను షట్టర్ నొక్కడానికి బాగుంటుంది. మిర్రర్‌లెస్ కెమెరాకు రిమోట్‌గా అంతంత మాత్రం. ఫోటోగ్రాఫరుకు దాని అసలు విలువ రెండింట్లో ఉంది: సెకన్లతో సహా సరైన టైమ్ చూపించడం, మీరు ఏ నిమిషాన ఎక్కడ ఉన్నారో తెగకుండా రాసిపెట్టడం. ఈ రెండూ సరిగ్గా వాడుకుంటే ఇంటికొచ్చాక వెయ్యి ఫోటోలకు లొకేషన్ ఎక్కించడం పది నిమిషాల పని. వాడుకోకపోతే ఆ వాచ్ మెసేజ్‌లు చూపించే బొమ్మగా మిగిలిపోతుంది.

ముందు మీరు మొదట అడిగిన షట్టర్ సంగతి చూద్దాం.

ఫోను కెమెరాతో. యాపిల్ వాచ్‌లో కెమెరా రిమోట్ అనే యాప్ ముందే ఉంటుంది, ఐఫోన్ కెమెరాతోనే పనిచేస్తుంది. ఫోనును ట్రైపాడ్ మీద పెట్టి వాచ్‌లో యాప్ తెరిస్తే ఫ్రేమ్ మణికట్టు మీదే కనిపిస్తుంది. పక్కనున్న క్రౌన్ (గుండ్రంగా తిరిగే బటన్) తిప్పితే జూమ్ అవుతుంది, తెరపై తాకిన చోటికి ఎక్స్‌పోజర్ సర్దుకుంటుంది. మామూలుగా 3 సెకన్ల టైమర్ ఆన్‌లో ఉంటుంది. దాన్ని తీసేయకండి. మీరే ఫ్రేమ్‌లో ఉంటే, వాచ్ నొక్కిన చేతిని కిందికి దించడానికి ఆ 3 సెకన్లు కావాలి. లేకపోతే ప్రతి ఫోటోలోనూ టైమ్ చూసుకుంటున్న మనిషిలా పడతారు. శాంసంగ్ గెలాక్సీ వాచ్‌లో కెమెరా కంట్రోలర్ గెలాక్సీ ఫోన్లతో, పిక్సెల్ వాచ్‌లోది పిక్సెల్ ఫోన్లతో దాదాపు ఇలాగే పనిచేస్తాయి. కొనే ముందు చూసుకోవాల్సింది ఇదే: వాచ్, ఫోను ఒకే కంపెనీవి కాకపోతే ఫ్రేమ్ కనిపించే సదుపాయం చాలాసార్లు దొరకదు.

తక్కువ ధర ఫిట్‌నెస్ బ్యాండ్లలో "కెమెరా" అని ఒక బొమ్మ ఉంటుంది. అందులో ఫ్రేమ్ కనిపించదు. బ్యాండ్ తనను ఒక బ్లూటూత్ కీబోర్డులా ఫోనుకు పరిచయం చేసుకుని, మీరు నొక్కినప్పుడు వాల్యూమ్ బటన్ నొక్కినట్టు సంకేతం పంపుతుంది. కాబట్టి అది పనిచేయకపోతే రెండు చోట్ల వెతకండి: ఫోను కెమెరా సెట్టింగ్స్‌లో వాల్యూమ్ బటన్‌కు "షట్టర్" పని ఇచ్చి ఉందా లేక "జూమ్" ఇచ్చి ఉందా, బ్యాండ్ యాప్‌తో పాటు ఫోను బ్లూటూత్ జాబితాలో కూడా విడిగా జతైందా. నూటికి తొంభై సమస్యలు ఇక్కడే తేలిపోతాయి.

దూరం విషయానికొస్తే బ్లూటూత్ 10 మీటర్ల వరకు అనుకోండి. మధ్యలో మీ ఒళ్లు అడ్డం వస్తే అది కూడా తగ్గుతుంది, ఎందుకంటే మనిషి శరీరంలోని నీరు ఆ తరంగాల్ని మింగేస్తుంది. ఫోనుకు వీపు పెట్టి, వాచ్ కట్టిన చేతిని ఛాతీకి ఆనించి నిలబడితే 6, 7 మీటర్లకే లింకు తెగొచ్చు. వాచ్‌లో కనిపించే ఫ్రేమ్ కూడా అసలు దృశ్యం కంటే కొంచెం వెనకబడి ఉంటుంది. అందుకే దూకుతున్న అల, ఎగురుతున్న పక్షి లాంటివి వాచ్ తెర చూసి నొక్కితే దొరకవు. కళ్లతో దృశ్యాన్ని చూస్తూ, వాచ్‌ను కేవలం బటన్‌గా వాడండి.

మిర్రర్‌లెస్ కెమెరాతో. ఇక్కడ దారి పొడుగు: వాచ్ నుంచి ఫోనుకు, ఫోను నుంచి కెమెరా కంపెనీ యాప్ ద్వారా కెమెరాకు. మధ్యలో ఏ ఒక్కటి నిద్రపోయినా మొత్తం ఆగిపోతుంది. పైగా కెమెరా చూసే దృశ్యం ఫోనులో కనిపించాలంటే (లైవ్ వ్యూ) కెమెరా వైఫై ఆన్‌లో ఉండాలి, అది కెమెరా బ్యాటరీని గబగబా తినేస్తుంది. చిన్న బ్లూటూత్ రిమోట్లు నేరుగా కెమెరాతో మాట్లాడతాయి. కానన్ బీఆర్-ఈ1, నికాన్ ఎంఎల్-ఎల్7, సోనీ ఆర్‌ఎంటీ-పీ1బీటీ అలాంటివి. మీ కెమెరా మోడల్‌కు సరిపోతుందో లేదో జాబితా చూసి అలాంటిది ఒకటి తీసుకోండి. బటన్ తాకిన సంగతి చీకట్లో, గ్లోవ్స్ వేసుకున్న వేలికి కూడా తెలుస్తుంది. ఈ ఒక్క పని కోసమే వాచ్ కొనాలనుకుంటే మాత్రం వద్దనే చెప్తాను. కెమెరా కదలకుండా ఉండటమే మీకు కావాల్సిందైతే కెమెరాలోనే ఉన్న 2 సెకన్ల టైమర్ చాలు.

ఇక అసలు విషయం.

ఫోటోలకు లొకేషన్ ఎక్కించడం. ఫోను తీసిన ఫోటోల్లో లొకేషన్ దానంతట అదే ఉంటుంది, వాటి గురించి ఆలోచించక్కర్లేదు. చాలా మిర్రర్‌లెస్ కెమెరాల్లో జీపీఎస్ ఉండదు. ఫోను యాప్ బ్లూటూత్ ద్వారా లొకేషన్ పంపే ఏర్పాటు ఉన్నా, ఫోను బ్యాటరీ ఆదా కోసం ఆ యాప్‌ను వెనక నిద్రపుచ్చితే సగం ఫోటోలకు లొకేషన్ ఉండదు, మిగతా సగానికి పాత లొకేషన్ అంటుకుంటుంది. వాచ్‌తో పద్ధతి వేరు. పొద్దున బయల్దేరేటప్పుడు హైకింగో నడకో ఒక యాక్టివిటీ మొదలుపెట్టి, తిరిగి వచ్చేదాకా నడవనివ్వండి. వాచ్ మీ దారిని టైమ్‌తో సహా రాసుకుంటుంది. ఇంటికొచ్చాక ఆ దారిని జీపీఎక్స్ ఫైలుగా (దారిలోని ప్రతి పాయింటూ, దాని టైమూ ఉండే ఫైలు) బయటికి తీసి, ఫోటో తీసిన టైమ్‌ను దారిలోని టైమ్‌తో సాఫ్ట్‌వేర్ చేత కలిపించాలి. లైట్‌రూమ్ క్లాసిక్‌లోని మ్యాప్ మాడ్యూల్, డార్క్‌టేబుల్, డిజికామ్, ఎగ్జిఫ్‌టూల్ అన్నీ ఈ పని చేస్తాయి. చివరి మూడూ ఉచితం.

ఇదంతా నిలబడేది కెమెరా టైమ్ మీద. వాచ్ టైమ్ ఫోను నుంచో ఉపగ్రహం నుంచో సరిచేసుకుంటుంది. కెమెరా గడియారం అలా కాదు, వారాలు గడిచేకొద్దీ సెకన్లు జారుతూ ఉంటుంది. కెమెరా ఒక్క నిమిషం తప్పుంటే, గంటకు 5 కిలోమీటర్ల నడకలో ఫోటో 83 మీటర్లు పక్కకు పోతుంది. 60 కిలోమీటర్ల వేగంతో బండిలో వెళ్తూ తీస్తే ఏకంగా ఒక కిలోమీటరు.

దీనికి మందు చాలా తేలిక. ప్రతి ట్రిప్పు మొదట్లో ఒకసారి, చివర్లో ఒకసారి కెమెరాతో వాచ్ ముఖాన్నే ఫోటో తీయండి. సెకన్లు అంకెల్లో కనిపించే వాచ్‌ఫేస్ పెట్టుకోండి. చాలా వాచ్‌లలో చెయ్యి కిందికి దించగానే తెర మసకబారి సెకన్లు మాయమవుతాయి కాబట్టి మణికట్టు తిప్పి, తెర పూర్తిగా వెలిగాకే తీయండి. షట్టర్ స్పీడు 1/30 నుంచి 1/60 మధ్య ఉంచండి. అంతకంటే వేగంగా పెడితే ఓలెడ్ తెర మీద నల్లటి చారలు పడి అంకెలు చదవలేని స్థితి రావచ్చు. ఇంటికెళ్లాక ఆ ఫోటో తెరిచి చూస్తే వాచ్ మీద 6:02:13 అని ఉంది, ఫోటో వివరాల్లో 6:03:00 అని ఉంది అనుకుందాం. అంటే కెమెరా 47 సెకన్లు ముందుంది. ఫోటోలన్నిటి టైమ్‌లోంచి 47 సెకన్లు తీసేస్తే చాలు. ఎగ్జిఫ్‌టూల్‌లో దీనికి జియోసింక్ అనే ఆప్షన్ ఉంది. అసలు ఫోటో టైమ్‌ను ముట్టుకోకుండా, లొకేషన్ లెక్కకు మాత్రమే తేడాను వాడుకుంటుంది. చివర్లో తీసిన రెండో ఫోటో ఎందుకంటే, మధ్యలో బ్యాటరీ మార్చినప్పుడు కెమెరా టైమ్ చెదిరినా, ఎవరైనా మెనూలో టైమ్‌జోన్ మార్చినా బయటపడుతుంది.

ఇక్కడ ఎక్కువమంది బోల్తాపడేది టైమ్‌జోన్ దగ్గర. జీపీఎక్స్ ఫైలులో టైమ్ ఎప్పుడూ యూటీసీలో, అంటే ప్రపంచమంతటికీ ఒకటే అయిన ప్రామాణిక టైమ్‌లో ఉంటుంది. కెమెరా మాత్రం స్థానిక టైమ్ రాస్తుంది. ఆ టైమ్ ఏ జోన్‌దో రాసుకునే చోటు ఎగ్జిఫ్ (ఫోటో ఫైలులో వివరాలు రాసే పద్ధతి) ప్రమాణంలో 2016లో వచ్చిన 2.31 వెర్షన్ దాకా లేదు, పాత కెమెరాలు ఇప్పటికీ రాయవు. ఒక్క ఫోటోకూ లొకేషన్ ఎక్కకపోయినా, అన్ని ఫోటోలూ దారికి ఒక చివరే గుంపుగా పడ్డా ముందు అనుమానించాల్సింది టైమ్‌జోన్‌నే. ఆ తేడా ఎప్పుడూ పూర్తి గంటల్లోనో, అరగంట, ముప్పావుగంటల లెక్కలోనో ఉంటుంది. బేసి నిమిషాలు, సెకన్ల తేడా కనిపిస్తే అది జోన్ కాదు, గడియారం జారడం.

జీపీఎక్స్ ఎలా తీయాలన్నది వాచ్‌ను బట్టి ఉంటుంది. గార్మిన్‌లో అయితే కనెక్ట్ వెబ్‌సైట్‌లో ఆ యాక్టివిటీ తెరిచి, గేరు గుర్తు కింద ఎక్స్‌పోర్ట్ ఎంచుకోవాలి. యాపిల్‌లో హెల్త్ యాప్‌లో మీ ప్రొఫైల్ కింద మొత్తం డేటాను ఎక్స్‌పోర్ట్ చేస్తే ఒక జిప్ ఫైలు వస్తుంది, దాని లోపల వర్కౌట్ రూట్స్ ఫోల్డరులో ప్రతి నడకకూ ఒక జీపీఎక్స్ ఉంటుంది. కొన్నేళ్ల డేటా ఉంటే ఆ ఎక్స్‌పోర్టుకు చాలాసేపు పడుతుంది, కంగారుపడకండి. స్ట్రావాకు (నడక, పరుగు రికార్డులు పంచుకునే యాప్) ఎక్కించే అలవాటు ఉంటే అక్కడి వెబ్‌సైట్ నుంచి తీసుకోవడం అన్నిటికంటే సులువు.

రికార్డింగ్ సెట్టింగ్స్. ఫోటోగ్రాఫర్ల నడక మామూలు నడక కాదు. పది అడుగులు వేసి ఇరవై నిమిషాలు నిలబడతారు. వాచ్ దీన్ని అర్థం చేసుకోలేదు, మనమే చెప్పాలి.

ఆటో పాజ్ (మీరు ఆగితే రికార్డింగ్‌ను వాచ్ తనే ఆపడం) ఆపేయండి. దీని మీద రెండు వాదనలున్నాయి. కదలకుండా నిలబడినప్పుడు పాజ్ అయితే నష్టం లేదు, ఆగిన చోటు, మొదలైన చోటు ఒకటే కాబట్టి సాఫ్ట్‌వేర్ మధ్యలో ఫోటోలకు సరైన లొకేషనే ఇస్తుంది అనేది ఒక వాదన. అది నిజమే. కానీ పక్షి కోసం అడుగులో అడుగు వేస్తూ పొదల వెంట జరిగే నడక కూడా వాచ్‌కు నిలబడినట్టే కనిపిస్తుంది. అరగంట అలా జరిగి 200 మీటర్లు వెళ్లాక దారి మళ్లీ మొదలవుతుంది. మధ్యలో మీరు తిరిగిన వంపులన్నీ పోయి ఒక సరళరేఖ మిగులుతుంది. ఎగ్జిఫ్‌టూల్ మామూలుగా 30 నిమిషాల లోపు ఖాళీలనే అలా గీత గీసి పూరిస్తుంది, అంతకు మించితే వాటిని నమ్మదు. ఇక చేత్తో పాజ్ నొక్కడం ఇంకా ప్రమాదం. టీ తాగడానికి కూర్చుని నొక్కి, లేచాక మళ్లీ నొక్కడం మర్చిపోతే ఆ తర్వాతి దారంతా గల్లంతే.

ఆటో పాజ్ ఆపితే మాత్రం ఒక తలనొప్పి ఉంది. గంటసేపు ట్రైపాడ్ వెనక నిలబడితే జీపీఎస్ పాయింట్లు మీ చుట్టూ సాలెగూడులా అల్లుకుంటాయి, నడవని దూరం లెక్కలో చేరుతుంది. అందుకే నిలబడే ముందు ల్యాప్ బటన్ (రికార్డును ముక్కలుగా విడదీసేది) నొక్కండి, బయల్దేరేటప్పుడు మళ్లీ నొక్కండి. తర్వాత ఆ ల్యాప్‌ను లెక్కలోంచి తీసేసి చూసుకోవచ్చు. ఫలానా ఫ్రేమ్ ఎక్కడ దొరికిందో గుర్తు పెట్టినట్టు కూడా ఉంటుంది.

గార్మిన్‌లో రికార్డింగ్ "స్మార్ట్" అని ఉంటే దిశ, వేగం, గుండె వేగం మారినప్పుడే పాయింటు రాస్తుంది. ఫోటో లొకేషన్‌కు అది కూడా సరిపోతుంది. కానీ మెలికల దారిలో "ప్రతి సెకను" మేలు, వాచ్‌లో చోటు ఎలాగూ సరిపోతుంది. అల్ట్రాట్రాక్ లాంటి పొదుపు మోడ్‌లు జీపీఎస్‌ను మధ్యమధ్యలో ఆపేసి అంచనా మీద నడిపిస్తాయి. రెండు మూడు రోజుల ట్రెక్కుకు తప్ప వాటి జోలికి వెళ్లకండి.

జీపీఎస్ కచ్చితత్వం ఆకాశం బాగా కనిపించే చోట 3 నుంచి 5 మీటర్లు. దట్టమైన చెట్ల కింద, నిటారు లోయల్లో 10, 20 మీటర్లకు చెడిపోతుంది. కారణం తెలిసిందే, సంకేతం రాళ్లకు, తడి ఆకులకు తగిలి చుట్టుతిరిగి వస్తుంది. ఉపగ్రహాలు పంపే సంకేతాల్లో 1575.42 మెగాహెర్ట్జ్‌లోని ఎల్1తో పాటు 1176.45లోని ఎల్5 కూడా అందుకునే వాచ్‌లు ఇలాంటి చోట తేలిగ్గా గుర్తించేంత మెరుగు. యాపిల్ వాచ్ అల్ట్రాలో 2022 నుంచి ఇది ఉంది, గార్మిన్‌లో మల్టీబ్యాండ్ అన్న పేరుతో ఉంటుంది. బయల్దేరే ముందు ఇంట్లోనే వాచ్‌ను ఫోనుతో ఒకసారి సింక్ చేయండి. ఉపగ్రహాల తాజా వివరాలు అందులోకి చేరతాయి, కొండ దగ్గర సిగ్నల్ కొన్ని సెకన్లలోనే దొరుకుతుంది. దొరికాక కూడా ఒక నిమిషం కదలకుండా ఆగి మొదలుపెడితే దారి మొదట్లో వంకర్లు రావు.

వెలుతురు టైమింగ్. వాచ్‌ఫేస్ మీద సూర్యోదయం, సూర్యాస్తమయం టైమ్ పెట్టుకోండి, కానీ ఆ అంకె ఏం చెప్తుందో తెలుసుకోండి. అస్తమయమైతే అది సూర్యుడి పైఅంచు చదునైన దిగంతానికి కిందికి దిగే క్షణం. మీ ముందు కొండ ఉంటే ఆ అంకెకు అర్థం లేదు. చెయ్యి చాచి పిడికిలి పట్టుకోండి, దాని వెడల్పు ఆకాశంలో దాదాపు 10 డిగ్రీలు. సూర్యుడు గంటకు 15 డిగ్రీలు జరుగుతాడు. పడమటి కొండ పిడికిలంత ఎత్తుగా కనిపిస్తే, భూమధ్యరేఖకు దగ్గరి ప్రాంతాల్లో వాచ్ చూపే టైమ్ కంటే సుమారు 40 నిమిషాల ముందే ఎండ పోతుంది. ఉత్తర, దక్షిణాలకు దూరం వెళ్లేకొద్దీ సూర్యుడు ఏటవాలుగా దిగుతాడు కాబట్టి ఇంకా ముందే పోతుంది.

బంగారు వెలుగును (గోల్డెన్ అవర్) సాధారణంగా సూర్యుడు దిగంతానికి 6 డిగ్రీల పైనుంచి 4 డిగ్రీల కింద దాకా ఉన్న సమయంగా లెక్కిస్తారు. అక్కడి నుంచి 6 డిగ్రీల కింద దాకా నీలి వెలుగు (బ్లూ అవర్). పేరులో "అవర్" ఉంది కదా అని గంట ఉంటుందనుకోకండి. విషువత్తుల రోజుల్లో (పగలూ రాత్రీ సమానంగా ఉండే రోజులు) భూమధ్యరేఖ దగ్గర 6 డిగ్రీలు దిగడానికి 24 నిమిషాలే పడుతుంది, నీలి వెలుగు 8 నిమిషాల్లో అయిపోతుంది. 60 డిగ్రీల అక్షాంశం దగ్గర ఇవి రెట్టింపు. ఉష్ణమండలంలో తీసేవాళ్లు ఒక అలారం సూర్యాస్తమయానికి 40 నిమిషాల ముందు, ఇంకోటి అస్తమయం తర్వాత 15 నిమిషాలకు పెట్టుకోవాలి. రెండోది ఎందుకంటే, సూర్యుడు మునగ్గానే బ్యాగు సర్దేసి, నీలి వెలుగును వెనక్కి తిరిగి చూస్తూ నడిచేవాళ్లే ఎక్కువ.

వాచ్‌లోని కంపాస్ వాడితే రెండు జాగ్రత్తలు. అయస్కాంతంతో అతుక్కునే స్ట్రాపులు దాన్ని చెడగొడతాయి. అయస్కాంతపు ఫిల్టర్ రింగులు కూడా అంతే: ఎడమ చేత్తో లెన్స్ పట్టుకుని, అదే చేతి వాచ్‌లో దిక్కు చూస్తే వచ్చేది ఫిల్టర్ చెప్పిన దిక్కు. ఫిల్టర్లను దూరంగా పెట్టి, చేతిని గాల్లో 8 అంకెలా తిప్పి, అప్పుడు చూడండి. మ్యాపుతో పోల్చుతుంటే సెట్టింగ్స్‌లో "ట్రూ నార్త్" (అయస్కాంతపు ఉత్తరం కాకుండా అసలు ఉత్తరం) ఎంచుకోండి.

ఎత్తు, వాతావరణం. బారోమీటర్ ఉన్న వాచ్ ఎత్తును గాలి ఒత్తిడి నుంచి లెక్కిస్తుంది. సముద్రమట్టానికి దగ్గర్లో 8 మీటర్లు ఎక్కితే ఒత్తిడి సుమారు 1 హెక్టోపాస్కల్ (గాలి ఒత్తిడి కొలత) తగ్గుతుంది. ఎక్కిన మొత్తం ఎత్తుకు ఇది జీపీఎస్ కంటే చాలా నమ్మదగ్గది. కానీ వాతావరణం మారినా ఒత్తిడి మారుతుంది. అందుకే ఎత్తు రాసి ఉన్న బోర్డు కనిపించిన ప్రతిచోటా వాచ్‌ను ఆ అంకెకు సరిచేసుకోండి (కాలిబ్రేట్). వాచ్ పక్కన ఉండే సన్నటి రంధ్రాల్లో చెమట ఉప్పు, బురద చేరితే మీరు నిలబడి ఉన్నా ఎత్తు మెట్లు మెట్లుగా దూకుతుంది. మంచినీళ్లతో కడిగితే చాలు, సూదితో పొడవకండి.

తుఫాను హెచ్చరిక కూడా ఈ బారోమీటర్ నుంచే వస్తుంది. సూంటో వాచ్‌లలో 3 గంటల్లో 4 హెక్టోపాస్కల్స్ తగ్గితే మోగుతుంది. ఇప్పుడు పై లెక్క గుర్తు చేసుకోండి: 4 హెక్టోపాస్కల్స్ అంటే సుమారు 32 మీటర్లు ఎక్కినంతే. ఎక్కుతూ ఉన్నప్పుడు వాచ్ ఆ తేడాను విడదీయడానికి ప్రయత్నిస్తుంది, ప్రతిసారీ కుదరదు. కాబట్టి మీరు ఒకేచోట మకాం వేసి వెలుతురు కోసం ఎదురుచూస్తున్నప్పుడు ఆ హెచ్చరిక వస్తే మాత్రం తేలిగ్గా తీసుకోకండి. ట్రైపాడ్ మడిచి, శిఖరం మీద నుంచి దిగిపోండి.

నడక లెక్కల్లో ఏది నమ్మాలి. దూరం, దారి, టైమ్ నమ్మొచ్చు. ఎక్కిన ఎత్తు బారోమీటర్ ఉంటే నమ్మొచ్చు. అడుగుల లెక్క ఫోటోగ్రాఫర్లకు తక్కువే వస్తుంది. వాచ్ అడుగుల్ని చేతి ఊపును బట్టి లెక్కిస్తుంది, రెండు చేతులతో కెమెరాను ఛాతీకి పట్టుకుని నడిస్తే ఆ ఊపు ఉండదు. క్యాలరీలు అంచనా మాత్రమే. మీ వీపు మీద 10 కిలోల బ్యాగు ఉన్న సంగతి మామూలు హైకింగ్ మోడ్‌కు తెలియదు.

గుండె వేగం సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే కెమెరా పట్టుకునే తీరే దాన్ని చెడగొడుతుంది. వాచ్ అడుగున ఆకుపచ్చ లైట్లు చర్మంలోకి వెలుగు పంపి, రక్తం పారేకొద్దీ మారే ప్రతిఫలనాన్ని కొలుస్తాయి. బరువైన లెన్స్ కింద ఎడమ అరచెయ్యి పెట్టినప్పుడు మణికట్టు వెనక్కి వంగుతుంది. వాచ్ ఒకవైపు లేచి సందు ఏర్పడుతుంది, బయటి వెలుగు లోపలికి చొరబడుతుంది. ట్రెక్కింగ్ కర్ర గట్టిగా పట్టుకున్నా, చలికి చర్మంలో రక్తనాళాలు ముడుచుకున్నా ఇదే గతి. మణికట్టు ఎముకకు రెండు వేళ్ల వెడల్పు పైకి జరిపి, స్ట్రాప్ ఒక రంధ్రం బిగించండి. దీనితో ఇంకో లాభం: వంగిన చేతి వెనుక భాగం బటన్లకు తగలదు. యాపిల్ వాచ్‌లో క్రౌన్, పక్క బటన్ రెండూ ఒకేసారి నొక్కుకుంటే వర్కౌట్ పాజ్ అవుతుంది, మీకు తెలియకుండానే దారి ఆగిపోతుంది. పైకి జరిపినా తగులుతుంటే సెట్టింగ్స్‌లో ఓరియెంటేషన్ మార్చి, క్రౌన్ మోచేతి వైపు వచ్చేలా తిప్పి కట్టుకోండి. గార్మిన్‌లో అయితే కీ లాక్ ఉంది. ఆరోగ్య కారణాల వల్ల గుండె వేగం కచ్చితంగా కావాల్సినవాళ్లు ఛాతీకి కట్టే స్ట్రాప్ వాడాలి, దానికి మణికట్టు వంపుతో సంబంధం లేదు.

బ్యాటరీ. పెట్టె మీద రాసిన గంటలు మామూలు వాడకానికి. 2024 దాకా వచ్చిన మోడళ్లలో సాధారణ యాపిల్ వాచ్‌కు 18 గంటలు, అల్ట్రాకు 36 అని చెప్పేవారు. జీపీఎస్, గుండె వేగం ఆగకుండా నడిస్తే అందులో సగం కూడా రావు. పొద్దున 4కి బయల్దేరి సాయంత్రం 7కి తిరిగొచ్చే రోజైతే సాధారణ మోడల్ మధ్యలోనే పడుకుంటుంది. నిత్యం ఇలాంటి రోజులే ఉంటే జీపీఎస్ మీద 20 గంటలకు పైగా నిలిచే ట్రెక్కింగ్ వాచ్ తీసుకోండి, అందమైన తెర కంటే అదే ముఖ్యం. ఉన్న వాచ్‌తోనే లాగాలంటే ఆల్వేస్ ఆన్ డిస్‌ప్లే, నోటిఫికేషన్లు, వైఫై, మొబైల్ సిమ్ ఉంటే అదీ ఆపేయండి. వాచ్‌లో మ్యాపు తెరిచి వదిలేయకండి. భోజనానికి కూర్చున్నప్పుడు పవర్‌బ్యాంకుతో అరగంట ఛార్జ్ చేయొచ్చు, కానీ ఛార్జింగ్‌లో మీ మోడల్ రికార్డింగ్ కొనసాగిస్తుందో లేదో ఇంట్లోనే ఒకసారి పరీక్షించుకోండి. చలిలో లిథియం బ్యాటరీ తొందరగా దిగిపోతుంది, జాకెట్ చేతి లోపల ఉంచితే శరీరపు వేడి కాపాడుతుంది.

రాత్రి ఫోటోలు తీస్తే వాచ్ మేలు కంటే కీడే ఎక్కువ చేయగలదు. చెయ్యి కదిలినప్పుడల్లా తెర వెలిగి, 20 నిమిషాలు చీకటికి అలవాటు పడ్డ కంటిని మళ్లీ మొదటికి తెస్తుంది. చేతి కదలికకు తెర వెలగకుండా థియేటర్ మోడ్ పెట్టండి, ఎర్ర తెర సదుపాయం ఉంటే అది వాడండి. ఎవరూ గమనించనిది ఇంకోటుంది: వదులుగా కట్టిన వాచ్ కింద నుంచి ఆ ఆకుపచ్చ లైట్ల మిణుకు బయటికొస్తుంది. 30 సెకన్ల ఎక్స్‌పోజర్‌లో లెన్స్ దగ్గర చెయ్యి పెడితే ఫిల్టర్ మీద ఆకుపచ్చ మరక పడుతుంది. నక్షత్రాల ఫోటోలు తీసే రాత్రి గుండె వేగం కొలత ఆపేయండి, లేదా వాచ్ తీసి జేబులో వేసుకోండి. ట్రైపాడ్ మీద చెయ్యి ఆనించే అలవాటు ఉంటే వైబ్రేషన్ కూడా ఆపాలి.

వాన, నీళ్ల విషయం త్వరగా: తడి తెర తనంతట తానే తాకినట్టు పనిచేస్తుంది, కాబట్టి వర్షంలో వాటర్ లాక్ పెట్టి బటన్లతో నడపండి. సముద్రం దగ్గర తీశాక మంచినీళ్లతో కడగండి.

చివరిగా, లొకేషన్ ఎక్కించడం ఎంత ముఖ్యమో తీసేయడం అంతే ముఖ్యం. పక్షుల గూళ్లు, అరుదైన మొక్కలు ఉన్న చోటు ఫోటోతో పాటు బయటికి పోతే ఆ చోటుకు జనం వస్తారు, గూడు పోతుంది. లైట్‌రూమ్‌లో ఎక్స్‌పోర్ట్ చేసేటప్పుడు లొకేషన్ తీసేసే టిక్కు ఉంటుంది, పంచుకునే ఫోటోలకు దాన్ని ఎప్పుడూ పెట్టి ఉంచండి. నడక దారి కూడా అంతే. స్ట్రావా బయటపెట్టిన హీట్‌మ్యాప్‌లో సైనిక స్థావరాల ఆకారాలు కనిపిస్తున్నాయని 2018 జనవరిలో పెద్ద గొడవైంది, అక్కడి సైనికులు చేసింది పరుగు రికార్డు చేసుకోవడం మాత్రమే. యాప్ ప్రైవసీ సెట్టింగ్స్‌లో దారి మొదలు, చివర దాచే ఆప్షన్ ఆన్ చేయండి. గూటి దగ్గర ల్యాప్ నొక్కిన రోజు ఆ యాక్టివిటీని మీకు మాత్రమే కనిపించేలా పెట్టుకోండి.